చదివితే తెలుస్తుంది, వింటే తెలియదు

పరభాషలు నేర్చుకుంటున్న పాఠకులు పాడ్‌కాస్ట్‌ల గురించి పంపిన ప్రశ్నలకు ఈ నెల సమాధానాలు ఇస్తున్నాం. ఒకే సందేహం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా వేశాం.

ప్రశ్న: ఫ్రెంచి మొదలుపెట్టి పది నెలలైంది. పాఠం చదివితే దాదాపు అంతా అర్థమవుతుంది. రోజూ ఇంటిపని చేసుకుంటూ గంటసేపు ఫ్రెంచి పాడ్‌కాస్ట్ పెట్టుకుంటున్నాను. నాలుగు నెలలైనా అక్కడో మాట, ఇక్కడో మాట తప్ప ఏమీ అందడం లేదు. ఇంకా ఎక్కువసేపు వినాలా?

జవాబు: వద్దు, తగ్గించండి. పని చేసుకుంటూ వినేటప్పుడు చెవి తెలిసిన మాటల్ని పట్టుకుని మిగతావి వదిలేస్తుంది. ఏవి వదిలేసిందో మీకు తెలిసే దారి లేదు. రేపూ వాటినే వదిలేస్తుంది. గంటలు పెరిగినకొద్దీ వినికిడి దానంతటదే వస్తుందన్న మాట చాలామంది చెబుతారు గానీ, ఏది ఎందుకు అందలేదో తేల్చుకోనంతవరకు ఆ గంటలు పెద్దగా కలిసిరావు.

ఇలా చేసి చూడండి. ట్రాన్‌స్క్రిప్ట్ (మాట్లాడినదంతా రాసిపెట్టిన పాఠం) ఉన్న ఎపిసోడ్ ఒకటి తీసుకుని, అందులో ఒక్క నిమిషం ముక్క ఎంచుకోండి. మొదట ట్రాన్‌స్క్రిప్ట్ చూడకుండా రెండుసార్లు ఆపకుండా వినండి. ఎవరు, దేని గురించి మాట్లాడుతున్నారో ఒక్క వాక్యంలో తెలుగులోనే రాసుకోండి. తర్వాత ఆ నిమిషంలో మొదటి ముప్పై సెకన్లు ఐదారు సెకన్ల చొప్పున ఆపుతూ, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టండి. ఒక్కో ముక్కను మూడుసార్లకు మించి వినొద్దు. మూడోసారికి వినపడనిది సాధారణంగా ఏడోసారికీ వినపడదు, విసుగు మాత్రం వస్తుంది. వినపడనిచోట గీత పెట్టి ముందుకు పొండి.

ఇప్పుడు ట్రాన్‌స్క్రిప్ట్ తెరిచి సరిచూసుకోండి. అసలు పని ఇక్కడుంది. ప్రతి తప్పు పక్కన అది ఏ రకమో గుర్తు వేయండి. అసలు తెలియని మాట అయితే ఒక గుర్తు. తెలిసిన మాటే, చదివితే ఠక్కున గుర్తుపడతారు గానీ చెవికి దొరకలేదంటే రెండో గుర్తు. మాటలన్నీ వినపడ్డాయి గానీ వాక్యం అర్థమయ్యేలోపు తర్వాతి వాక్యం వచ్చేసిందంటే మూడోది. మూడింటికీ మందు వేరు. మొదటిదానికి పదాలు నేర్చుకోవాలి. మూడోదానికి మీ స్థాయికంటే కాస్త తేలికైనది ఎక్కువగా వినాలి. చదివితే తెలిసి, వింటే తెలియని మీలాంటివారి కాగితం మీద మాత్రం రెండో గుర్తే ఎక్కువ కనిపిస్తుంది.

ఒక వాక్యం చూద్దాం. ఎనిమిది గంటలకు వచ్చే పిల్లలు ఉన్నారని ఫ్రెంచిలో చెప్పాలంటే విడివిడిగా పుస్తకంలో ఉండే మాటలు ఇవి: ఇల్, ఇ, ఆ, దె, ఆఁఫాఁ, కి, ఆరీవ్, ఆ, విత్, ఓర్. మామూలు మాటల్లో అది ‘యా దెజాఁఫాఁ కి ఆరీవా వితోర్’ అని వస్తుంది. మొదటి మూడు మాటలూ కలిసి ‘యా’ అయ్యాయి. ‘దె’ చివర రాతలో ఉండి పలకని ఎస్ అక్షరం, తర్వాత అచ్చు రాగానే జకారంగా లేచి పక్కమాటకు అంటుకుంది. నేర్చుకునేవాళ్ళు ఇక్కడ ‘జాఁఫాఁ’ అనే మాట కోసం నిఘంటువు తిరగేస్తారు. అలాంటి మాట లేదు. ‘వాళ్ళెవరు’ అని విన్నవాడు ‘ళ్ళెవరు’ అంటే ఏమిటని అడిగితే మనకు నవ్వొస్తుంది కదా, ఇదీ అంతే. సంధి మనకు కొత్త కాదు. ఫ్రెంచిలో అది ఎక్కడెక్కడ జరుగుతుందో చెవికి అలవాటు కాలేదు, అంతే.

రెండో గుర్తు పడిన చోటును ట్రాన్‌స్క్రిప్ట్ చూస్తూ మూడుసార్లు, కళ్ళు మూసుకుని మూడుసార్లు వినండి. తర్వాత అదే వేగంతో, మాటలు విడదీయకుండా మీరే పైకి అనండి. నోరు ఆ కలయిక చేయగలిగాక చెవి దాన్ని తేలిగ్గా గుర్తుపడుతుంది. మొత్తం ఇరవై ఐదు నిమిషాల పని. మర్నాడు అదే నిమిషాన్ని ట్రాన్‌స్క్రిప్ట్ లేకుండా మళ్ళీ వినండి. ఇంటిపనిలో వినడం మానక్కర్లేదు. కొత్త ఎపిసోడ్‌లు కాకుండా ఇలా కూర్చుని పూర్తిచేసినవే పెట్టుకోండి.

ప్రశ్న: నా స్థాయికి సరిపోయే పాడ్‌కాస్ట్ అని ఎలా తెలుసుకోవాలి? ‘బిగినర్’, ‘ఇంటర్మీడియట్’ అని రాసి ఉన్నవి ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి.

జవాబు: ఆ పేర్లను నమ్మకండి. ట్రాన్‌స్క్రిప్ట్‌లో మధ్య నుంచి వరసగా నూరు మాటలు లెక్కపెట్టి, తెలియనివి ఎన్నో చూడండి. రెండు మూడు ఉంటే హాయిగా ఆపకుండా వినడానికి పనికొస్తుంది. ఐదు దాటితే దారంట వింటూ పోవడం కుదరదు, పైన చెప్పినట్టు నిమిషం ముక్కలుగా కూర్చుని చేయాలి. పదిహేను దాటితే పక్కన పెట్టండి. అప్పుడు జరిగేది వినికిడి సాధన కాదు, పదాల వేట.

మాటల లెక్క ఒక్కటే చాలదు. ఒకే గొంతు, ముందే రాసుకున్న కథనం అయితే సులువు. ప్రశ్నలూ జవాబులూ నడిచే ఇంటర్వ్యూ దానికంటే కష్టం. ఇద్దరు ముగ్గురు స్నేహితులు నవ్వుకుంటూ, ఒకరి మాట మీద ఒకరు పడుతూ చెప్పుకునే కబుర్లు అన్నిటికంటే కష్టం, అందులో వాడే పదాలు ఎంత తేలికైనా సరే.

కొన్ని నమ్మకమైనవి చెబుతాం. ఫ్రెంచికి ఆర్‌ఎఫ్ఐ రేడియో వారి ‘జూర్నాల్ ఆఁ ఫ్రాన్సే ఫసీల్’ ఉంది. పది నిమిషాల వార్తలు, సందర్భం విడమరిచి చెబుతూ సాగుతాయి, ట్రాన్‌స్క్రిప్ట్ ఇస్తారు. జర్మన్‌కు డాయిచె వెలె ప్రసార సంస్థ వారి నెమ్మదిగా చదివే వార్తలు ఉన్నాయి, వాటికీ పాఠం ఇస్తారు. ఇంగ్లీషుకు బీబీసీ ‘సిక్స్ మినిట్ ఇంగ్లిష్’ మంచిదే. అయితే దాని ట్రాన్‌స్క్రిప్ట్ మాటకు మాట సరిపోదని వాళ్ళే పైన రాస్తారు. అది వినడానికి పెట్టుకోండి గానీ, రాసి సరిచూసుకునే సాధనకు వాడితే మీరు సరిగ్గా విన్నదాన్ని కూడా తప్పని కొట్టేసుకుంటారు.

ప్రశ్న: స్పీడు 0.7కి తగ్గించి వింటే తప్పా?

జవాబు: తప్పు కాదు గానీ అంత ఉపయోగం లేదు. యాప్ స్పీడు తగ్గించినప్పుడు ఉన్న ధ్వనినే సాగదీస్తుంది. కలిసిపోయిన మాటలు విడిపోవు, కలిసినవి కలిసినట్టే బారుగా వినపడతాయి. హల్లులు మసకబారతాయి కూడా. 0.85 కంటే దిగకండి. స్పీడు తగ్గించడంకంటే వాక్యం చివర ఆపడం మేలు, మీకు కావలసింది ఆలోచించుకునే వ్యవధి.

రెండు సెట్టింగులు ఇప్పుడే చూసుకోండి. చాలా యాప్‌లలో నిశ్శబ్దాన్ని కత్తిరించే ఏర్పాటు ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే ఆపేయండి. వాక్యాల మధ్య ఆ అరసెకను ఖాళీలోనే మీ బుర్ర వెనకబడ్డ పని పూర్తి చేసుకుంటుంది. వెనక్కి వెళ్ళే బటన్ పదిహేను సెకన్లకో ముప్పైకో ఉంటే ఐదుకు మార్చుకోండి. ఐదు సెకన్లకు మార్చే వీలు లేని యాప్ అయితే ఫైలు దించుకుని కంప్యూటర్లో వీఎల్‌సీలో తెరవండి, రెండు గుర్తుల మధ్య ముక్కను తిప్పితిప్పి వినిపించే సౌకర్యం అందులో ఉంది.

ప్రశ్న: విన్నది తెలుగు లిపిలో రాసుకుంటే వేగంగా రాయగలుగుతున్నాను. మా టీచరు వద్దంటున్నారు. ఎవరు ఒప్పు?

జవాబు: ఇద్దరూ కొంత. ఉచ్చారణ పట్టుకోవడానికి ఇంగ్లీషు అక్షరాలకంటే మన లిపి చాలాచోట్ల నయం. ఫ్రెంచి, స్పానిష్‌లలో వినపడేది మన త, ద లాంటి పంటి ధ్వనులే, ట, డ కాదు. తెలుగులో రాసేవారికి ఆ తేడా చెవిలో పడుతుంది. తొలి రెండు మూడు వారాలు, వినపడని చోట మాత్రం, ‘నాకిలా వినపడింది’ అని గుర్తుకు తెలుగులో రాసుకోండి. ఈ వ్యాసంలో మేం చేసిందీ అదే.

చిక్కు ఎక్కడంటే, మన లిపిలో లేని తేడా మన కాగితం మీద మాయమైపోతుంది. ఫ్రెంచిలో ‘నువ్వు’ అనే మాటా, ‘అంతా’ అనే మాటా తెలుగులో రాస్తే రెండూ ‘తు’ దగ్గరే ఆగుతాయి. మొదటిదాంట్లో పెదాలు ఉకారానికి గుండ్రంగా పెట్టి నాలుకతో ఇకారం పలకాలి, రెండోది మన ఊకారమే. రెండింటికీ ఒకే గుర్తు వేసే చేయి కొన్నాళ్ళకు చెవికీ అదే నేర్పుతుంది. కాబట్టి సరిచూసుకునే ప్రతి వాక్యాన్నీ చివరికి ఆ భాష లిపిలోనే తిరగరాయండి.

ప్రశ్న: జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జెఎల్‌పీటీలో ఎన్3 స్థాయికి సిద్ధమవుతున్నాను. పాడ్‌కాస్ట్‌లలో నాలుగైదుసార్లు వింటే అంతా తెలుస్తుంది. పరీక్షలో ఒక్కసారే వినిపిస్తారు. ఏం చేయాలి?

జవాబు: పదేపదే వినడం నేర్చుకునేటప్పుడు మంచిది, పరీక్షకు ముందు రెండు నెలల నుంచి దానికి సగం సమయమే ఇవ్వండి. మిగతా సగంలో కొత్త ముక్క, ఒక్కసారి, ఆపకుండా వినండి. విన్న వెంటనే మూడు వాక్యాల్లో సారాంశం చెప్పి, ఆ తర్వాతే ట్రాన్‌స్క్రిప్ట్ చూడండి. ఎన్3 వినికిడి విభాగం నలభై నిమిషాలు. అందులో కొన్నిచోట్ల ప్రశ్న ముందుగా చెప్పరు, సంభాషణ అయ్యాకే అడుగుతారు. చటుక్కున జవాబిచ్చే భాగంలో కాగితం మీద ఏమీ అచ్చై ఉండదు, మూడు జవాబులూ వినాల్సిందే. కాబట్టి ప్రశ్న చూసుకుని దానికోసమే వినే అలవాటు ఒక్కటే ఉంటే దెబ్బతింటారు. మొత్తం 180కి 95 రావాలి, ఒక్కో విభాగంలో 60కి కనీసం 19. చదవడంలో ఎన్ని వచ్చినా వినికిడిలో 19 రాకపోతే తప్పినట్టే.

తెలుగువారికి జపనీస్‌లో రెండు లాభాలున్నాయి. హ్రస్వ దీర్ఘాల తేడా, ద్విత్వాక్షరాల తేడా మనకు పుట్టుకతో వచ్చినవి. ‘ఒబసాన్’ అంటే పిన్నో అత్తో, ‘ఒబాసాన్’ అంటే అమ్మమ్మ. ‘కితె’, ‘కిత్తె’ వేరు వేరు మాటలు. వేరే భాషలవాళ్ళు నెలలు కష్టపడే చోట మీకు శ్రమ తక్కువ. క్రియ చివరికి వచ్చే వాక్యమూ మనదే.

ఇబ్బంది అచ్చుల దగ్గర. మనది అజంత భాష, ప్రతి మాట చివరా నిండైన అచ్చు కోసం చెవి ఎదురుచూస్తుంది. జపనీస్‌లో పరుష హల్లుల మధ్య, పరుష హల్లు తర్వాత మాట చివరా ఇ, ఉ ఊపిరిలో కలిసిపోతాయి. రాతలో ‘దెసు’ ఉంటుంది, వినపడేది ‘దెస్’. ‘సుకి’ కాస్తా ‘స్కి’ అవుతుంది. దానికితోడు మాటల్లో కుదింపులు: ‘తె ఇరు’ అన్నది ‘తెరు’ అవుతుంది, ‘తె షిమావు’ అన్నది ‘చావు’ అవుతుంది (మన చావు కాదు, కంగారుపడకండి), ‘నకెరెబ’ కాస్తా ‘నక్య’ అవుతుంది. పాఠ్యపుస్తకంలో నిండు రూపాలే చదివినవారికి పాడ్‌కాస్ట్‌లో క్రియ మొత్తం గల్లంతైనట్టు ఉంటుంది. ఈ కుదింపులు పదీ పన్నెండూ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కో ఎపిసోడ్‌లో అవి ఎన్నిసార్లు వచ్చాయో టిక్కులు పెడుతూ వినండి.

ప్రశ్న: జర్మన్‌లో నెమ్మదిగా చదివే వార్తలు పూర్తిగా అర్థమవుతున్నాయి. ఇద్దరు మాట్లాడుకునే పాడ్‌కాస్ట్ పెడితే మాత్రం కొట్టుకుపోతున్నాను.

జవాబు: వార్తల భాష, కబుర్ల భాష రెండూ వేరు. వార్తల్లో పదాలు బరువుగా ఉంటాయి గానీ ప్రతి అక్షరం పలుకుతారు. కబుర్లలో ‘హాస్ట్ డు’ అన్నది ‘హస్తె’ అవుతుంది, ‘ఐనెన్’ అన్నది ‘నెన్’ అవుతుంది, మధ్యమధ్య ‘మాల్’, ‘హాల్ట్’, ‘దొఖ్’ లాంటి చిన్న మాటలు దొర్లుతుంటాయి. వాటికి ఒక్కొక్కదానికీ అర్థం వెతుక్కుంటూ ఆగితే వాక్యం దాటిపోతుంది. వదిలేయండి.

రెంటికీ మధ్య మెట్టు కావాలి. ఒకే హోస్ట్, ఒకే రకం విషయం ఉన్న పాడ్‌కాస్ట్‌ను ఎన్నుకుని వరసగా పది ఎపిసోడ్‌లు వినండి. భాషలు నేర్చుకునే తీరు మీద పరిశోధన చేసిన స్టీఫెన్ క్రాషెన్ 1996లో రాసిన వ్యాసంలో దీన్నే ‘న్యారో లిజనింగ్’ అన్నారు. మూడో ఎపిసోడ్‌కల్లా ఆ గొంతు, ఆ ఊతపదాలు అలవాటై, చెవికి మిగతా పనికి తీరిక దొరుకుతుంది. రోజుకో కొత్త పాడ్‌కాస్ట్ మార్చేవారికి ఈ లాభం ఎప్పటికీ అందదు. అంకెల సాధన విడిగా చేయండి: జర్మన్‌లో యాభై నాలుగును నాలుగు ముందు చెప్పి యాభై తర్వాత చెబుతారు. మొదట విన్న అంకెను మొదట రాసేస్తే 45 అవుతుంది. ధరలు, తేదీలు వచ్చే ముక్క ఏరుకుని వారానికి ఒకసారి అంకెలు మాత్రమే రాయండి.

ప్రశ్న: షాడోయింగ్ (వింటూనే వెనకాలే అదే మాటలు పైకి అనడం) ఎప్పుడు మొదలుపెట్టాలి?

జవాబు: రాసి, సరిచూసి, అర్థమైన ముక్క మీదే. అరసెకను వెనకగా, పైకి, ముప్పై సెకన్లు చాలు. అర్థం కానిదాని మీద చేస్తే గొణుగుడు మిగులుతుంది. ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, మీ గొంతు మీకు వినపడాలి.

ప్రశ్న: యాప్ చూపించే ట్రాన్‌స్క్రిప్ట్‌కీ నేను వినేదానికీ పొంతన ఉండటం లేదు. నా చెవిదా తప్పు?

జవాబు: ఎక్కువసార్లు కాదు. యాపిల్ పాడ్‌కాస్ట్స్ 2024 నుంచి ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్‌లకు ట్రాన్‌స్క్రిప్ట్ తనంతట తానే తయారుచేసి చూపిస్తోంది. యంత్రం రాసే పాఠంలో పేర్లు, ఊళ్ళు, అంకెలు, ఒకేలా పలికే మాటలు తప్పుతుంటాయి. తడబాట్లను, సగంలో ఆపి మళ్ళీ మొదలుపెట్టిన వాక్యాలను చాలాసార్లు తుడిచేసి నునుపుగా చూపిస్తుంది. మీరు విన్నది వ్యాకరణానికి సరిపోయి, పాఠంలో ఉన్నది అతకనప్పుడు మీ చెవినే నమ్మండి.

ఇంకో కారణం ప్రకటనలు. చాలా పాడ్‌కాస్ట్‌లలో ప్రకటనలు దించుకునే సమయాన్ని బట్టి మారుతుంటాయి. నిన్న 4:10 దగ్గరున్న వాక్యం ఈరోజు 4:45 దగ్గర ఉండొచ్చు. సాధన చేసే ఎపిసోడ్‌ను ఒకసారి దించుకుని ఆ ఫైలే వాడండి, కాగితం మీద నిమిషాలు కాకుండా ముక్క మొదటి మూడు మాటలు రాసుకోండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ కొన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మొదటి అక్షరం మింగేస్తాయి. ముక్క మొదట్లోనే మళ్ళీమళ్ళీ తప్పు వస్తుంటే వైరు ఉన్నవి పెట్టి ఒకసారి చూడండి.