సొరకాయ బొమ్మ గీశాకే తరగండి

ప్రశ్న: మాది రాజమండ్రి. నాకు 67 ఏళ్లు. నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయి వచ్చేయమంటోంది, నాకేమో ఈ ఇల్లు వదలాలని లేదు. మధ్యాహ్నం కర్రీ పాయింట్ కూరలతో గడిచిపోతుంది. సాయంత్రం ఆరు దాటితే మాత్రం ఇంట్లో కాలు నిలవదు. రాత్రికి పాలూ బ్రెడ్డూ, ఒక్కోసారి అదీ లేదు. అయిదు కిలోలు తగ్గాను. బీపీ మాత్రలు వాడుతున్నాను. కాఫీ కలుపుకోవడం కూడా ఎరగను, కూరగాయలు ఏరడం అసలే రాదు. ఆవిడ పోపులపెట్టె మూత తీయడానికి చేయి రావడం లేదు. ఒకప్పుడు బొమ్మలు వేసేవాణ్ని. మొన్న పుస్తకం తీస్తే చేయి వణికి గీత వంకర పోయింది, మూసేశాను. ‘ఏడాదైనా తిరగలేదు, అప్పుడే బొమ్మలేమిటి’ అని చుట్టాలు అంటున్నారు. రాత్రికి సూప్ లాంటిదేదైనా చేసుకోవడం ఈ వయసులో వస్తుందా? బొమ్మలు మళ్లీ మొదలుపెట్టడం తప్పా?

జవాబు: తప్పు కాదండి. ఏడాదిలోపు పండగలు, శుభకార్యాలు చేసుకోకపోవడం మన ఇళ్లలో ఉన్న ఆనవాయితీ. మీకు పట్టింపు ఉంటే అది పాటించండి. రాత్రి అన్నం మానేయమనీ, పెన్సిల్ ముట్టుకోవద్దనీ ఆ ఆనవాయితీలో ఎక్కడా లేదు. చుట్టాలకు సంజాయిషీ చెప్పే పని పెట్టుకోకండి.

సూప్ కంటే ముందు తేల్చుకోవలసింది ఆ అయిదు కిలోల సంగతి. తిండి తగ్గితే బరువు తగ్గడం మామూలే. అయినా మీ వయసులో దిగులు వల్లే అని మనంతట మనం తేల్చేసుకోకూడదు. ఒకసారి డాక్టర్ దగ్గరికి వెళ్లి సుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఇంకో మాట. మనిషి చిక్కి, తిండి తగ్గాక పాత మోతాదులోనే బీపీ మాత్ర వేసుకుంటుంటే, కూర్చున్నచోటి నుంచి లేచేసరికి కళ్లు తిరగవచ్చు. అలా అవుతుంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. మీకు మీరే మాత్ర తగ్గించుకోవడం, మానేయడం వద్దు.

ఇక ఆ ఆరు గంటల వేళ. ఇన్నేళ్లూ ఆ సమయానికి మీ ఇంట్లో కుక్కర్ కూత, పోపు చిటపట, గిన్నెల చప్పుడు ఉండేవి. ఇప్పుడు అవి లేవు. టీవీ పెట్టుకుంటే చప్పుడు ఉంటుంది కానీ చేతికి పని ఉండదు. మీరు అడిగిన రెండూ, సూపూ బొమ్మా, ఆ గంటన్నరలోనే ఇమిడిపోతాయి. కర్రీ పాయింట్ మానేయకండి, మధ్యాహ్నం అలాగే సాగనివ్వండి. అన్నీ ఒకేసారి మార్చబోతే వారంలో విసుగొస్తుంది. మార్చవలసింది ఆరు నుంచి ఏడున్నర వరకే.

వరస ఇలా పెట్టుకోండి. ఆరింటికి మూడు టేబుల్ స్పూన్ల పెసరపప్పు (రమారమి నలభై గ్రాములు) కడిగి నానబెట్టండి. ఆ రోజు వండబోయే కూరగాయను బల్ల మీద పెట్టి ఇరవై నిమిషాలు బొమ్మ గీయండి. ఆ తర్వాతే కత్తి పట్టండి. గీసింది ఎలా వచ్చినా సరే, ఆ కాయ పొయ్యి మీదికి వెళ్లాల్సిందే కనుక బొమ్మను పట్టుకుని అక్కడే చెరుపుతూ కూర్చునే వీలుండదు. మీలాంటి డ్రాఫ్ట్స్‌మన్‌కు అదే మంచిది.

మొదటి వారం సొరకాయ పెసరపప్పు సూప్ ఒక్కటే చేయండి. రోజుకో రకం ప్రయత్నిస్తే ఏదీ చేతికి పట్టుబడదు. చెక్కు తీసి, గింజ ముదిరిన భాగం తీసేసి, చిన్న ముక్కలు ఒక కప్పు కోయండి. అందులో ఒక ముక్క పచ్చిదే నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి, ఉడికిస్తే పోతుందిలే అనుకోవద్దు. చేదు సొరకాయలో ఉండే విషం వేడికి పోదు, వాంతులు, రక్త విరేచనాల దాకా తెస్తుంది.

మూడు లీటర్ల చిన్న కుక్కర్‌లో పప్పు, ముక్కలు, చిటికెడు పసుపు, అంగుళంలో సగం అల్లం ముక్క, రెండు గ్లాసుల నీళ్లు (నాలుగు వందల మిల్లీలీటర్లు), నాలుగు చుక్కల నూనె వేయండి. పప్పు నురగ కట్టి పైకి వచ్చి ఆవిరి రంధ్రాన్ని మూసేస్తుంది. ఆ నూనె చుక్కలు నురగను అణుస్తాయి. అందుకే పప్పు పెట్టినప్పుడు కుక్కర్ సగానికి మించకూడదు. మూత పెట్టేముందు ఆ రంధ్రాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి, అవతలి వెలుగు కనిపించాలి. మధ్యస్థంగా మంట పెట్టి మూడు కూతలు రానిచ్చి ఆపండి. ప్రెషర్ దానంతటది దిగేదాకా ఆగాలి. వెయిట్ పట్టుకుని ఎత్తితే బుస్సుమని చప్పుడు రాకూడదు, అప్పుడే మూత తీయండి. వంట కొత్తవాళ్లు చేతులు కాల్చుకునేది ఇక్కడే, తొందరపడి.

పప్పుగుత్తితో మెదిపి, చిక్కగా ఉంటే వేడినీళ్లు కలపండి. పెసరపప్పు చల్లారేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి పొయ్యి మీద కాస్త పల్చగా కనిపించేటప్పుడే దించాలి. ఉప్పు పావు టీస్పూన్ చాలు. రోజు మొత్తానికి అయిదు గ్రాములు, అంటే టీస్పూన్‌కు కొంచెం తక్కువ ఉప్పే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీపీ ఉన్న మీరు మధ్యాహ్నం బయటి కూరలే తింటున్నారు, ఆ హద్దు అక్కడే సగం దాటి ఉంటుంది. చప్పగా అనిపిస్తే ఉప్పు డబ్బా వైపు కాదు, నిమ్మకాయ వైపు చేయి చాపండి. సగం చెక్క పిండితే ఉప్పు లోటు తెలియదు. నిమ్మరసం మాత్రం దించాకే, మరుగుతుండగా పిండితే వాసన పోతుంది. ప్యాకెట్ సూపుల జోలికి వెళ్లవద్దని చెప్పేదీ ఈ ఉప్పు గురించే.

చివర పోపు. గరిటెలో ఒక టీస్పూన్ నెయ్యి కాగాక అర టీస్పూన్ జీలకర్ర, దంచిన నాలుగు మిరియాలు. జీలకర్ర చిట్లి గోధుమరంగు తిరగ్గానే సూప్‌లో ఒంపేయండి. నల్లబడేదాకా చూస్తే గిన్నెడు సూపూ చేదే. ఇక పోపులపెట్టె సంగతంటారా, దాన్ని ఇప్పుడు కదపనక్కర్లేదు. కిరాణా కొట్లో యాభై గ్రాముల జీలకర్ర, యాభై గ్రాముల మిరియాలు కొని రెండు చిన్న సీసాల్లో పోసుకోండి, పక్కన ఓ పసుపు పొట్లం. అవి మీ సరుకులు. ఆమె పెట్టె ఉన్నచోటే ఉండనివ్వండి. కాకపోతే గోదావరి జిల్లా తేమకు లోపలి దినుసులు ఎన్నాళ్లో నిలవవు, పురుగు పడతాయి. అమ్మాయి ఈసారి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి మూత తీయండి. ఏం ఉంచాలో, ఏం మార్చాలో అప్పుడు చూసుకోవచ్చు.

ఇది రెండు గిన్నెలు వస్తుంది. పప్పు ఉంది కనుక రెండూ తాగి, ఓ పుల్కానో కాస్త అన్నమో తీసుకుంటే రాత్రి భోజనమే. కోడిగుడ్డు తింటారా? అయితే ఒకటి గిలకొట్టి, మరుగుతున్న సూప్‌లో సన్నటి ధారగా పోసి, అర నిమిషం కలపకుండా వదిలేయండి, తీగలు తీగలుగా విచ్చుకుంటుంది. పోసిన వెంటనే గరిటె తిప్పితే మడ్డి మడ్డిగా అయిపోతుంది. వట్టి కూరగాయల నీళ్లు మాత్రం భోజనం కావు, చిక్కిన మనిషికి అస్సలు చాలవు. మిగిలితే చల్లార్చి గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఒక్కసారే బాగా మరిగించి తాగేయండి. వేసవిలో రాత్రంతా బయట ఉన్న పప్పు సూప్‌ను వాసన చూడనక్కర్లేదు, పారబోయడమే.

రెండో వారం టమాటా పట్టండి. నాలుగు టమాటాలు, ఒక చిన్న క్యారెట్, సగం ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు, గ్లాసు నీళ్లు, రెండు కూతలు. క్యారెట్ రంగు కోసం కాదు, నాటు టమాటా పులుపును విరవడానికి. చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ వెతక్కండి, ఒక చిన్న బంగాళాదుంప అందులోనే ఉడికిస్తే సరిపోతుంది. ఒక జాగ్రత్త ఉంది. ఉడికినవాటిని పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయాలి, అదీ మిక్సీ జార్‌లో సగం వరకే. వేడివేడిగా వేస్తే లోపలి ఆవిరి మూతను ఎగదన్ని ముఖం మీదికే చిమ్ముతుంది. హోటల్ రుచి రావాలని పాలు పోయకండి, టమాటా పులుపుకు విరిగిపోతాయి.

ఇప్పుడు బొమ్మలు. మీ గీత వంకర పోవడానికి చాలావరకు కారణం మీ ఉద్యోగమే అనిపిస్తుంది. డ్రాఫ్ట్స్‌మన్ గీతకు టీ స్క్వేర్, సెట్ స్క్వేర్ ఊతం. చేయి వాటి వెంట పరుగెత్తుతుంది. వట్టి చేత్తో గీసేటప్పుడు ఆ ఊతం ఉండదు. పైగా మణికట్టు కదలికతోనే పొడుగు గీత లాగబోతే ఎవరికైనా అది మధ్యలో వణుకుతుంది. మోచేతిని బల్లకు ఆనించకుండా, భుజం నుంచి చేయి మొత్తం కదిపి, గీత ఎక్కడ ఆగాలో ఆ చుక్క మీద చూపు నిలిపి లాగండి. పెన్సిల్ మొన వైపు చూడకండి. మొదట గాలిలో రెండుసార్లు ఆడించి, మూడోసారి కాగితం మీద దించండి.

ఈ వణుకులో రెండు రకాలున్నాయి. పని చేసేటప్పుడు, కప్పు ఎత్తేటప్పుడు వచ్చేది ఒకటి. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడు వచ్చేది ఇంకొకటి. రెండోది కనిపిస్తే ఆలస్యం చేయకుండా నరాల డాక్టర్‌కు చూపించండి. మొదటిది కూడా రోజురోజుకూ ఎక్కువవుతుంటే చెప్పాల్సిందే.

సామాను ఎక్కువేమీ వద్దు. ఏ4 కాగితంలో సగముండే ఏ5 సైజు స్కెచ్ పుస్తకం, 150 జీఎస్ఎం కాగితం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్క, అంకె పెరిగేకొద్దీ కాగితం మందం), ఒక 2బీ పెన్సిల్, ఒక 4బీ. మీ పాత పెట్టెలోని హెచ్ పెన్సిళ్లు ప్లాన్లకు పనికొస్తాయి. కాయ నీడకు అవి గీరుకుపోతాయి తప్ప నలుపు రాదు. రెండు వారాలు స్కేలూ రబ్బరూ వేరే గదిలో పెట్టండి. గీత తప్పితే దాని పక్కనే ఇంకోటి గీయండి, తప్పుది అలాగే ఉండనివ్వండి. కొలత తప్పితే కట్ట తెగుతుందన్న భయంతో బతికిన చేతికి ఈ అలవాటు కష్టంగానే ఉంటుంది.

సొరకాయకు ముందు నడుమ గీత ఒకటి వేసి, దాని మీద కింద పెద్ద గుండ్రం, పైన చిన్న గుండ్రం, ఆ రెంటినీ కలిపే వంపు. అంతే, కాయ వచ్చేసింది. కింద నేల మీద పడే నీడ వేయడం మరచిపోతారు చాలామంది, అప్పుడు కాయ గాలిలో తేలుతున్నట్టుంటుంది. టమాటాను అడ్డంగా కోసి ఒక చెక్కను గీయండి. గింజల అరలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి, కాయకో లెక్క ఉంటుంది. నీటిరంగులు నెల తర్వాత చూద్దాం. వాటికి 300 జీఎస్ఎం కాగితం కావాలి, పల్చటిది తడికి అప్పడంలా ముడుచుకుంటుంది. అప్పుడు గుర్తుంచుకోవలసిందల్లా, టమాటా మీది మెరుపు తెల్లరంగుతో పెట్టేది కాదు, అక్కడ కాగితాన్నే ముట్టకుండా వదిలేసేది. కింది పూత ఆరకముందే రెండోది వేస్తే రెండూ కలిసి బురదే.

ఉన్న ఊరిలోనే మీకో భాగ్యం ఉంది. దామెర్ల రామారావు గారి చిత్రాలున్న గ్యాలరీ. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదైనా నిండకుండా పోయిన మనిషి. ఎప్పుడో చూసే ఉంటారు. ఈసారి పెన్సిల్ పుస్తకం పట్టుకుని పొద్దున పూట వెళ్లి, ఒక్క బొమ్మ ముందే అరగంట నిలబడి ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసి రండి.

అమ్మాయి విషయానికొస్తే, ఆమె భయం మీరు ఒంటరిగా ఉన్నారని కాదు, తినడం లేదని. ‘తిన్నాను’ అన్న మాట ఆమె నమ్మదు, మీరూ నిజం చెప్పరు. రాత్రి ఏడున్నరకు వీడియో కాల్‌లో ఆ రోజు పేజీ, ఖాళీ గిన్నె చూపించండి. హైదరాబాద్ మాట సంవత్సరీకం అయ్యాక మాట్లాడుకుందామని తేదీ చెప్పి వాయిదా వేయండి. ఊరికే ‘చూద్దాంలే’ అంటే రోజూ అదే గొడవ.

ఇవన్నీ చేస్తున్నా రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోతే, తెల్లవారకముందే మెలకువ వచ్చి గుండె బరువెక్కుతుంటే, బతికి ఏం లాభమన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, సూప్‌తో సరిపెట్టుకోకండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు. లేదా మానసిక వైద్యుణ్ని కలవండి.

రేపు బజారుకు వెళ్తే మూరెడు సొరకాయ కొనకండి, ఒక్కరికి అది నాలుగు రోజులకూ తరగదు. జానెడు కాయ అడగండి. లేత ఆకుపచ్చ రంగు, పైన సన్నటి నూగు ఉండాలి. తొడిమ దగ్గర గోటితో చిన్నగా గిల్లితే సులువుగా దిగాలి. గోరు దిగకపోతే ముదురు, పక్కన పెట్టేయండి. అమ్మేవాళ్లు అదోలా చూస్తారు, చూడనివ్వండి. అందరూ గిల్లే కొంటారు.