ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు: కొండదారుల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న (పలమనేరు పాఠకుడు): ఈసారి తిరుమల అడవిలోని తుంబురు తీర్థ ముక్కోటికి (తీర్థస్నానాల పండుగకు) ఐదుగురం పోవాలనుకుంటున్నాం. అలిపిరి మెట్లు చాలాసార్లు ఎక్కినవాళ్ళమే. అదే లెక్కన నాలుగైదు గంటల్లో పోయి రావచ్చా? నీళ్ళు ఎన్ని తీసుకోవాలి?

జవాబు: రాలేరు. మెట్లదారి లెక్క కోనకు పనికిరాదు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే ఎక్కుడంతా అయిపోతుంది, పైకి చేరితే బస్సు ఉంటుంది. తుంబురు తీర్థానికి పాపవినాశనం నుంచి సుమారు 7 కిలోమీటర్లు అడవిలో నడవాలి, మళ్ళీ అంతే దూరం వెనక్కి రావాలి. తీర్థం ఉన్నది లోయలో. చల్లపొద్దున హాయిగా దిగిన వాలునే తిరిగొచ్చేటప్పుడు మిట్టమధ్యాహ్నం, అలసిన కాళ్ళతో ఎక్కాలి. పైగా ముక్కోటి వచ్చేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. మన జిల్లాల్లో అప్పటి ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

కాబట్టి లెక్కను తిరుగుదారి నుంచి వెనక్కి వేసుకోండి. ఉదయం 6 గంటలకు నడక మొదలుపెడితే పోవడానికి 3 గంటలు, అక్కడ 1 గంట, రావడానికి 4 గంటలు. 10 గంటలయ్యేసరికి తీర్థం చేరినా చేరకపోయినా వెనక్కి తిరగాలి. ఈ మాట బయలుదేరకముందే ఐదుగురూ ఒప్పుకోవాలి. కోన ముంగిట నిలబడి తేల్చుకుందామంటే ఎవరూ తిరగరు.

నీళ్ళు మనిషికి నాలుగున్నర లీటర్లు: 2 లీటర్ల సీసాలు రెండు, అర లీటరుది ఒకటి. ఒక పెద్ద సీసాకు తిరుగుదారి పట్టేదాకా మూత తీయకూడదు. దారిలో టీటీడీ ఏర్పాటు చేసే నీళ్ళు దొరికితే సరే, వాటినే నమ్ముకుని మాత్రం పోవద్దు. వట్టి నీళ్ళే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు తిరిగిరాదు, పిక్కలు పట్టేస్తాయి. ఓఆర్ఎస్ కలిపేటప్పుడు చాలామంది చేసే తప్పు, పెద్ద ప్యాకెట్‌ను అర లీటరు సీసాలో గుమ్మరించడం. అది 1 లీటరు నీళ్ళకు సరిపడా మందు. చిక్కగా కలిపితే దాహం తీరదు సరికదా, కడుపులో తిప్పుతుంది. చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళలో తల కొట్టిన 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయండి (చెంచా అంటే టీ చెంచా). తిండికి పులిహోర మేలు. ఆ ఎండకు పెరుగన్నం మధ్యాహ్నానికే పులిసిపోతుంది.

ఎక్కేటప్పుడు అడుగు చిన్నదిగా వేయండి. ప్రతి అడుగుకూ వెనక కాలు నిటారుగా ఉంచి, బరువంతా దానిమీద ఆనించి, ముందు కాలిని ఒక్క క్షణం వదులుగా ఉంచండి. ఆ క్షణమే తొడ కండకు విశ్రాంతి. వేగం ఎక్కువైందో లేదో తెలుసుకోవడం సులువు: ఒకే ఊపిరిలో 'గోవిందా గోవింద' అని రెండుసార్లు అనలేకపోతే ఎక్కువైనట్టే. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళను, ఒళ్ళు బాగా బరువున్నవాళ్ళను ఈ దారికి తీసుకుపోవద్దు. మధ్యలో ఎవరైనా పడిపోతే మనుషులే మోసుకురావాలి.

ప్రశ్న (పీలేరు పాఠకురాలు, 46 ఏళ్ళు): ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. దిగేటప్పుడే మోకాలి చిప్ప పీకుతుంది. నీ క్యాప్ (మోకాలికి తొడిగే పట్టీ) వేసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. దిగేటప్పుడు తొడ ముందు కండ బ్రేకులా పనిచేస్తుంది. అది అలసిపోయాక పడే ప్రతి అడుగు బరువూ చిప్ప వెనకకు చేరుతుంది. నీ క్యాప్ కాస్త ధైర్యాన్నిస్తుంది, కండ పని మాత్రం చేయదు.

పోయే ముందు ఆరు వారాలు ఇంట్లోనే సాధన చేయండి. మామూలు మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వంగుతూ రెండో మడమను కింద తాకించి మళ్ళీ పైకి రండి. కాలికి పదిసార్లు చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. వంగేటప్పుడు మోకాలు లోపలికి వాలకూడదు. గోడ పట్టుకోవచ్చు.

దారిలో కర్రను నొప్పి లేని వైపు చేత పట్టుకోండి. కుంటుతున్న కాలి వైపే పట్టుకోవడం అందరికీ అలవాటు, కానీ దానివల్ల ఒళ్ళు ఆ కాలి మీదికే వాలుతుంది. దిగేటప్పుడు ముందు కర్ర, తర్వాత నొప్పి కాలు, చివర మంచి కాలు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. తిరుమలకే అయితే నడిచి ఎక్కి బస్సులో దిగండి, అందులో నామోషీ ఏమీ లేదు. మోకాలు వాచినా, వంచలేకుండా పట్టేసినా ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

ప్రశ్న (చిత్తూరు పాఠకుడు): కొత్త బూట్లతో కొండ దిగితే రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి. సైజు చిన్నదా?

జవాబు: కావచ్చు, లేసు వదులైనా ఇలాగే అవుతుంది. వాలులో పాదం ముందుకు జారి గోరు బూటుకు కొట్టుకుంటుంది. పాదాలు కొంచెం ఉబ్బే సాయంత్రం పూట, నడకకు వేసుకునే సాక్సులతోనే బూట్లు కొనండి. పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. దిగుడు మొదలయ్యే చోట ఆగి, మడమను వెనక్కి తన్ని, లేసు పైరంధ్రాల దగ్గర బిగించి కట్టుకోండి. ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడే కూర్చుని ప్లాస్టర్ టేపు వేయాలి. బొబ్బ లేచాక వేసే టేపు ఊడదీసేటప్పుడు చర్మాన్ని కూడా లాగేస్తుంది.

ప్రశ్న (చంద్రగిరి విద్యార్థి): నవంబరులో కోనల్లో నీళ్ళు బాగుంటాయని స్నేహితులు అడవిదారిన పోదామంటున్నారు. పోవచ్చా?

జవాబు: వద్దు. అటవీశాఖ అనుమతి లేకుండా శేషాచలంలోకి పోకూడదు. ఎర్రచందనం అడవి కాబట్టి నిఘా గట్టిగా ఉంటుంది, చిరుతలూ ఏనుగులూ తిరుగుతాయి. అనుమతి సంగతి అటుంచినా నవంబరు సరైన నెల కాదు. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే. ఈ కొండల పైభాగం గట్టి క్వార్ట్జైట్ రాయి. వాన ఇంకడానికి మట్టి తక్కువ, పైన పడిన నీళ్ళు పడినట్టే కోనలోకి దూకుతాయి. మీ నెత్తిన ఎండ కాస్తుండగానే ఎగువ వానకు వాగు పొంగవచ్చు. 2021 నవంబరు వానలకు తిరుమలకు ఎక్కే రెండో మెట్లదారి, శ్రీవారి మెట్టు దారే దెబ్బతిని, 2022 మే నెలలో గానీ తెరుచుకోలేదు. రాతిమెట్లు కట్టిన దారికే అంత జరిగింది.

అనుమతి ఉన్న చోటికి, అనుమతి ఉన్న కాలంలో పోయినా వాగు నీటిని కనిపెట్టుకుని ఉండండి. తేటగా ఉన్న నీళ్ళు రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా సంచులు వదిలేసి గట్టెక్కాలి, వచ్చిన దారినే పరిగెత్తకూడదు. మోకాలు దాటిన పారే నీటిలో దిగవద్దు. పాచి పట్టిన బండ మీద బూటైనా జారుతుంది. కొండచరియల కింద తేనెపట్లు ఉంటాయి, అక్కడ పొగ పెట్టడం, అరవడం చేయవద్దు. ఈగలు లేస్తే మొహం కప్పుకుని పరుగెత్తాలి. నీళ్ళలో మునిగితే అవి పైనే కాచుకుని ఉంటాయి.