మెషీన్ పాలిష్ నేనే చేసుకోవచ్చా?

ప్రశ్న: నా నల్ల కారు మీద, తుడవడం వల్ల పడిన సన్నని వలయాకార గీతలు ఎండలో కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. పాలిషింగ్ మెషీన్ కొని నేనే పోగొట్టుకోవచ్చా?

జవాబు: నిస్సందేహంగా చేసుకోవచ్చు. అయితే గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మెషీన్ ఒకేచోట వేడి పుట్టించి, ముఖ్యంగా అంచుల్లో, రంగును త్వరగా కాల్చేస్తుంది కనుక, తిరుగుతూనే ఊగే డ్యూయల్ యాక్షన్ మెషీన్‌నే ఎంచుకోండి. రంగుపై ఉండే పారదర్శక పొర (క్లియర్ కోట్) మందం చాలా కార్లలో సుమారు 40 నుంచి 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు); పాలిష్ చేసిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది. అందువల్ల కారును కడిగి, అంటుకుపోయిన మురికిని లాగేసే మెత్తని ముద్ద అయిన క్లే బార్‌తో శుభ్రపరిచి, నీడలో చల్లబడిన బానెట్ మీద రెండడుగుల చదరంలో మెత్తని ఫోమ్ ప్యాడ్‌తో, తేలికపాటి పాలిష్‌తో ముందుగా పరీక్షించి, ఫలితం చాలకపోతేనే మరింత గరుకైన పాలిష్ అయిన కాంపౌండ్ వాడండి. ప్యాడ్‌ను రంగుకు ఆనించిన తరువాతే స్విచ్ వేయండి. లేకుంటే పాలిష్ పక్క గోడల దాకా చిమ్ముతుంది. గోరుకు తగిలేంత లోతైన గీతల జోలికి మాత్రం వెళ్లకండి.