శాంటా క్లారాలో మొదటిసారి ప్రైమరీ ఓటు వేస్తున్నాను. ఎవరికి వేయాలో, ఏ మెజర్‌కు అవునో కాదో చెప్పగలరా?

కిందటేడు పౌరసత్వ ప్రమాణం చేశానని, 2026 జూన్ 2న జరిగే ప్రైమరీ (నవంబరు ఎన్నికకు ముందు జరిగే తొలి విడత) బ్యాలెట్‌లో సగం పేర్లు ఎన్నడూ విననివని, వాట్సాప్‌లో ఎవరో పంపిన పట్టీ చూసి గుర్తులు పెట్టేయవచ్చా అని మీరు అడిగారు. నేనూ కాలిఫోర్నియాలోని శాంటా క్లారా నగరంలోనే ఉంటున్నాను. 2022 నుంచి ప్రతి ఎన్నికకూ తెలిసినవారికి నా సిఫార్సులు రాసి పంపుతున్నాను కాబట్టి ఆ అనుభవంతో జవాబిస్తున్నాను.

ముందు ఆ పట్టీ సంగతి. 2022 జూన్ ప్రైమరీకి మా ఇంటికి పోస్టులో ఒక రంగుల కార్డు వచ్చింది. చూడగానే ఒక పెద్ద పార్టీ అధికారికంగా పంపినదేమో అనిపించేలా, పదవులూ పేర్లూ ప్రతిపాదనలూ వరుసగా అచ్చువేసి ఉన్నాయి. దాన్ని ఫోటో తీసి, ఓటున్న ముప్పై మంది మిత్రులకు నా సిఫార్సుగా పంపాను. రెండు రోజుల తరువాత మా వీధిలోని ఒక పెద్దావిడ అదే కార్డు తెచ్చి, కొన్ని పేర్ల పక్కనున్న చిన్న నక్షత్రం గుర్తును నాకు చూపించారు. డబ్బు కట్టి కార్డులో చోటు పొందిన అభ్యర్థి పక్కన, ప్రతిపాదన పక్కన ఆ గుర్తు వేయాలని, కార్డు పార్టీ అధికారిక సంస్థ పంపినది కాకపోతే ఆ మాట కూడా ముద్రించాలని కాలిఫోర్నియా చట్టం చెబుతుంది. రెండూ ఆ కార్డు మీద ఉన్నాయి, నేనే చదవలేదు. అప్పటికే నన్ను నమ్మి ఓటు వేసినవారు ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను గాని, పోస్టులో వేసిన బ్యాలెట్ వెనక్కి రాదు కదా. ఆ రోజు నుంచి నేను స్వయంగా చదవనిదేదీ సిఫార్సు చేయలేదు. మీకు వచ్చిన పట్టీలో ప్రతి పేరు పక్కనా కారణం రాసి లేకపోతే దాన్ని పక్కన పెట్టండి.

మన ఊళ్లలో టికెట్ ఎవరికివ్వాలో పార్టీ పెద్దలు తేలుస్తారు, బీ ఫారం ఎవరి చేతికి వస్తే వారే అభ్యర్థి, ఓటరు పని ఆ తరువాతే మొదలవుతుంది. కాలిఫోర్నియాలో ఆ వడపోత ఓటరే చేయాలి. 2010లో ఓటర్లు ఆమోదించిన 14వ ప్రాపొజిషన్ అనే రాష్ట్ర ప్రతిపాదన వల్ల గవర్నర్, శాసనసభ, అమెరికా కాంగ్రెస్ స్థానాలకు అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే బ్యాలెట్‌పై ఉంటారు, మొదటి ఇద్దరే నవంబరుకు వెళతారు, ఆ ఇద్దరూ ఒకే పార్టీవారు కావచ్చు కూడా. కౌంటీ (మన జిల్లా లాంటిది) సూపర్వైజర్, జడ్జి వంటి పార్టీ రహిత పదవుల్లో సగానికి మించి ఓట్లు వచ్చినవారు ప్రైమరీలోనే గెలిచినట్టు. పక్కనున్న శాన్ హోసే మేయర్ ఎన్నిక 2024 మార్చిలోనే, నవంబరు దాకా పోకుండా, ముగిసిపోయింది.

"నా ఒక్క ఓటుతో ఏమవుతుంది" అని మీరు అనుకుంటుంటే, అదే మార్చిలో 16వ కాంగ్రెస్ స్థానంలో జరిగింది చెబుతాను. అక్కడి సభ్యురాలు అన్నా ఎషూ పదవీ విరమణ ప్రకటించడంతో ఆ స్థానానికి పదకొండు మంది పోటీపడ్డారు. శామ్ లికార్డో మొదటి స్థానంలో నిలిచారు. రెండో స్థానంలో ఇవాన్ లో, జో సిమిటియన్ ఇద్దరికీ సరిగ్గా 30,249 ఓట్ల చొప్పున వచ్చాయి. మళ్లీ లెక్కిస్తే ఇవాన్ లోకు 30,261, సిమిటియన్‌కు 30,256 తేలాయి. అయిదంటే అయిదు ఓట్లు! మౌంటెన్ వ్యూలో ఉండే నా మిత్రుడొకడు ఈ ముగ్గురిలో ఎవరిని ఎంచుకోవాలో తేల్చుకోలేక ఆ గడిని ఖాళీగా వదిలేశాడు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే బాధపడతాడు. ఆ స్థానానికి నేను ఎవరినీ సిఫార్సు చేయలేదు, మాది 17వ స్థానం కావడం వల్ల ఆ అభ్యర్థుల గురించి చదవలేదు. చదివి ఉంటే అతనికి ఉపయోగపడేవాడిని.

ఇక ప్రతిపాదనలు, అంటే ఓటర్లే నేరుగా అవునో కాదో తేల్చేవి. రాష్ట్రానివి ప్రాపొజిషన్లు, ఊరివి మెజర్లు. నా అనుభవంలో మిత్రుల సలహా ఎక్కువ అవసరమయ్యేది వీటికే, ఎందుకంటే అభ్యర్థికైతే గత చరిత్ర ఉంటుంది, మెజర్‌కు ఉండేది పాఠం మాత్రమే. 2024 మార్చిలో రాష్ట్రమంతటికీ ఒకటే ప్రతిపాదన, 1వ ప్రాపొజిషన్. మానసిక రోగులకు, మత్తుకు బానిసలైనవారికి చికిత్సా స్థలాలు, ఇళ్లు కట్టడానికి 638 కోట్ల డాలర్ల బాండు, అంటే ప్రభుత్వం చేసే అప్పు, అది. ఎవరు కాదంటారు అనిపించింది. కాని ప్రభుత్వం పంపే ఓటరు పుస్తకంలో శాసనసభ విశ్లేషకుడు రాసిన భాగం చదివితే అసలు విషయం తెలిసింది. బాండు తీర్చడానికి ఏటా దాదాపు 31 కోట్ల డాలర్లు, ముప్పై ఏళ్లు కట్టాలి. దానికి తోడు, పది లక్షల డాలర్లు దాటిన ఆదాయంపై 2004 నుంచి వసూలవుతున్న పన్నులో కౌంటీల వాటా తగ్గుతుంది, మిగిలిన దానిలో 30 శాతాన్ని ఇళ్లకు ఖర్చుపెట్టాలి. అంటే ఇప్పుడు నడుస్తున్న కౌంటీ సేవలు కొన్ని తగ్గవచ్చు. వారం రోజులు ఆలోచించి "అవును" అనే సిఫార్సు చేశాను. వీధిలో పడుకునేవారికి ముందు తలదాచుకునే చోటు ఉంటేనే చికిత్స నిలుస్తుందని నా నమ్మకం. అయితే కౌంటీ సేవలకు వచ్చే నష్టాన్నీ అదే సందేశంలో రాశాను. మా బృందంలో ఒక నర్సు ఆ కారణంతోనే "కాదు" అని ఓటు వేశారు. ప్రతిపాదన 50.2 శాతంతో గట్టెక్కింది, ఫలితం తేలడానికి రెండు వారాలు పట్టింది.

అదే మార్చిలో మా నగరం వరకే రెండు మెజర్లు ఉండేవి: సిటీ క్లర్క్‌ను (నగర రికార్డులు, ఎన్నికలు చూసే అధికారిని) ఎన్నుకోకుండా నియమించాలా అన్నది మెజర్ ఏ, పోలీసు చీఫ్‌ను నియమించాలా అన్నది మెజర్ బీ. కాలిఫోర్నియాలో పోలీసు చీఫ్‌ను ఓటర్లే ఎన్నుకునే నగరం మాదొక్కటే. రెండిటికీ "అవును" అన్నాను, ఎన్నికలో నిలబడాలంటే నగరంలోనే నివాసం ఉండాలి గనుక సమర్థులైన అధికారులు చాలామంది పోటీకే రాలేరని నా వాదన. ఇందాక చెప్పిన పెద్దావిడ ఒప్పుకోలేదు. మా సిటీ కౌన్సిల్ ఎన్నికల్లో ఒక ఫుట్‌బాల్ జట్టు వైపు నుంచి మిలియన్ల డాలర్ల ప్రచార ఖర్చు జరిగిన తరువాత, చీఫ్ నియామకాన్ని కూడా కౌన్సిల్ నీడలోకి తేవడం క్షేమం కాదని ఆవిడ అన్నారు. నా మనసు మారలేదు గాని, ఆవిడ మాటను ఉన్నదున్నట్టు నా సందేశం కింద చేర్చాను. రెండు మెజర్లూ ఓడిపోయాయి. నన్ను చదివి, ఆవిడ కారణానికి ఓటు వేసినవారు కొందరున్నారు. ఆ సిఫార్సు వృథా అయిందని నేను అనుకోవడం లేదు.

మీ బ్యాలెట్‌లో బడి బాండు ఉంటే పన్ను రేటు వివరణ చూడండి. లక్ష డాలర్ల మదింపు విలువకు 30 డాలర్లని రాసి ఉంటే, పన్ను లెక్కలో 12 లక్షల డాలర్లున్న ఇంటికి ఏటా 360 డాలర్లు. మార్కెట్ ధరకు కాదు, 1978 నాటి 13వ ప్రాపొజిషన్ ప్రకారం ఏటా రెండు శాతానికి మించి పెరగని మదింపు విలువకు. అందుకే ఒకే వీధిలో ముప్పై ఏళ్ల కిందట కొన్నవారూ నిన్న కొన్నవారూ వేర్వేరు భారం మోస్తారు. బడి బాండుకు సాధారణంగా 55 శాతం మద్దతు కావాలి. నేను బాండు మొత్తం కంటే దేనికి ఖర్చు చేస్తారన్న జాబితాకే ఎక్కువ విలువ ఇస్తాను.

అభ్యర్థుల విషయంలో, ఓటరు పుస్తకంలో ప్రకటన లేనంత మాత్రాన తీసిపారేయకండి, ఆ ప్రకటన అచ్చుకు అభ్యర్థే డబ్బు కట్టుకోవాలి, అది చిన్న అభ్యర్థులకు భారం. విరాళాలు ఎవరిచ్చారో అభ్యర్థులు దాఖలు చేసే ప్రచార లెక్కల పత్రం, ఫారం 460లో ఉంటుంది, నగర పదవులకైతే సిటీ క్లర్క్ దగ్గర దొరుకుతుంది. జడ్జీలకు పార్టీ పేరు ఉండదు, పేరు కింద వృత్తి మాత్రం ఉంటుంది. అది చూసే చాలామంది ఓటు వేస్తారు, నాకది చాలదు, వారు ఏ కోర్టులో ఎలాంటి కేసులు చూశారో వెతుకుతాను. తెలియనప్పుడు ఆ గడి వదిలేయడానికి సందేహించను, మిగతా బ్యాలెట్ చెల్లుతుంది.

బ్యాలెట్ తిరిగి పంపే కవరు వెనుక సంతకం మరవకండి. పోస్టు కంటే కౌంటీ డ్రాప్ బాక్స్ మేలు, జూన్ 2 రాత్రి 8 గంటల దాకా వేయవచ్చు. ఓటు కేంద్రంలో అడిగితే చూసుకోవడానికి తెలుగు నమూనా బ్యాలెట్ కూడా ఇస్తారు, మా అమ్మగారు దాన్ని పక్కన పెట్టుకునే ఓటు వేశారు. మీ బ్యాలెట్‌లోని మెజర్ల అక్షరాలు ఇక్కడ రాస్తే, నేను చదివినవాటి గురించి నా అభిప్రాయం, దానికి ఎదురు వాదన రెండూ రాస్తాను.