యాంటీబయాటిక్‌కు తోడు మందు కనిపెట్టే చదువు

ప్రశ్న: మాది నెల్లూరు, చెన్నై పెరంబూరులో స్థిరపడ్డాం. మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది. మొండి బ్యాక్టీరియా మీద పాత యాంటీబయాటిక్ మళ్లీ పనిచేసేలా చేసే రసాయనాల మీద పరిశోధన చేస్తానంటోంది. ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: మీరున్న ఊళ్లోనే ఉదాహరణ ఉందండి. చెన్నై కంపెనీ ఆర్కిడ్ ఫార్మా కనిపెట్టిన ఎన్‌మెటాజోబాక్టమ్ అనే తోడు మందును సెఫెపిమ్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి వాడటానికి 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. డోసులో సెఫెపిమ్ 2 గ్రాములు, తోడు మందు అర గ్రాము. బ్యాక్టీరియా తన బీటా లాక్టమేజ్ ఎంజైమ్‌తో సెఫెపిమ్‌ను విరగ్గొడుతుంది. తోడు మందు వెళ్లి ఆ ఎంజైమ్‌ను కట్టిపడేస్తుంది. మెడికల్ షాపులో దొరికే అమాక్సిసిలిన్-క్లావులానిక్ యాసిడ్ మాత్రదీ ఇదే కిటుకు. జింక్‌తో పనిచేసే ఎన్‌డీఎం అనే బీటా లాక్టమేజ్ మాత్రం ఎన్‌మెటాజోబాక్టమ్‌కూ, క్లావులానిక్ యాసిడ్‌కూ లొంగదు. చేయాల్సిన పని అక్కడ బోలెడుంది.

ఎమ్మెస్సీతో ఆగితే ఎక్కువగా దొరికేది ఫార్మా కంపెనీల క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబు ఉద్యోగం. కొత్త మందు వెతికే పనికి పీహెచ్‌డీ కావాలి. ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్షలో బయోటెక్నాలజీ పేపరు రాస్తే బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి పోటీ పడొచ్చు. లేదా ఎమ్మెస్సీ చేసి సీఎస్‌ఐఆర్ నెట్ రాయాలి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం.

ఇప్పటినుంచే చేతికి రావాల్సింది చెకర్‌బోర్డు పరీక్ష. 96 గుంటల ప్లేటులో అడ్డంగా యాంటీబయాటిక్‌ను, నిలువుగా రసాయనాన్ని సగం సగం పలచన చేస్తూ పోయాలి. మిల్లీలీటరుకు 5 లక్షల బ్యాక్టీరియా వేసి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 20 గంటలు ఉంచాలి. రెండూ కలిసినప్పుడు యాంటీబయాటిక్ ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు) 32 నుంచి 4కు, రసాయనానిది 64 నుంచి 8కి దిగితే 4/32 + 8/64 = 0.25. ఈ మొత్తం 0.5 లేదా అంతకన్నా తక్కువైతే రెండూ జోడీగా పనిచేస్తున్నట్టు. 32 కాస్తా 16 అయిందని సంబరపడకూడదు, ఒక మెట్టు తేడా పరీక్షలో మామూలే. బ్యాక్టీరియా ఎక్కువ పడితే ఎంజైమూ పెరిగి మంచి రసాయనం కూడా చేతకానిదిలా కనిపిస్తుంది. రసాయనాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ ఒక్కటే పోసిన గుంటలు లేకపోతే చంపింది మందో, అది కరిగిన ద్రవమో తేలదు. బ్యాక్టీరియా పొరను చీల్చే రకాలైతే ఎర్ర రక్తకణాలనూ పగలగొడతాయేమో చూడాలి. చాలా రసాయనాలు వెనక్కి వెళ్లిపోయేది ఇక్కడే.

ఇంకొకటి, కెమిస్ట్రీ వదిలేయొద్దనండి. రసాయనం నిర్మాణం చదవలేని మైక్రోబయాలజిస్టుకు ఈ ల్యాబుల్లో సగం మాటలు అర్థం కావు. డబ్బు కట్టించుకుని రెండు వారాల్లో సర్టిఫికెట్ ఇచ్చే ఇంటర్న్‌షిప్‌ల జోలికి పోవద్దు. ఆర్నెల్ల ప్రాజెక్టు కోసం ఏ ప్రొఫెసరుకు రాసినా, ప్లేట్లు తనచేతే వేయిస్తారా అని ముందే అడగమనండి.