నడుము తిప్పొద్దన్న మాస్టారు, నాలుగు కాళ్ల ముగ్గురు

"జనగామ దగ్గర ఊరు, పదిహేడేళ్లు, క్వీర్‌నని నాకు తెలుసు, కూచిపూడి నేర్చుకోవాలని ఉంది, కానీ ఆడపిల్లలా కదులుతానని అందరూ నవ్వుతున్నారు, నాలాంటివాడు డ్యాన్సర్ కాగలడా" అని అడిగావు. కాగలవు తమ్ముడూ. నాది హనుమకొండ, ఇరవై నాలుగేళ్లు, గే, పదేళ్లుగా నేర్చుకుంటున్నా. కొంచెం పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదువు.

నా ఆట బతుకమ్మతో మొదలైంది. ఎంగిలిపూల రోజు అమ్మతో, పిన్నులతో వేయిస్తంభాల గుడికి వెళ్లి వాళ్ల మధ్యలో వంగి ఒక చప్పట్లు, లేచి ఒక చప్పట్లు కొడుతూ తిరిగేవాణ్ని. చిన్నప్పుడు ముద్దుగా చూశారు. ఒక ఏడాది పిన్ని చెయ్యి పట్టి బయటికి తెచ్చి "ఇగ చాలు బిడ్డా, మొగపిల్లలు అటు కూసోవాలె" అంది. తిట్టలేదు పాపం, మామూలుగానే అంది.

తర్వాత ఒక చిన్న ప్రైవేటు క్లాసు. రేకుల షెడ్డు, కింద బండలు. అరమండి (మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ) బాగా కూర్చుంటానని మెచ్చుకునే మాస్టారు, నడకలు మొదలయ్యేసరికి "గా నడుమెందుకు తిప్పుతున్నవ్ రా, మగోని లెక్క నడువ్" అని కర్రతో తొడ మీద వేసేవాడు. నడుము బిగబట్టి ఆడితే ఏమవుతుందో తెలుసా, ఊపిరి పైపైనే ఆగిపోతుంది, మెడ కట్టెలా అవుతుంది, ముఖంలో భావం పలకదు. విచిత్రం ఏంటంటే అదే గోడకి సత్యభామ వేషంలో ఉన్న వేదాంతం సత్యనారాయణ శర్మ గారి ఫొటో, దానికి రోజూ దండం. కూచిపూడిలో తరతరాలుగా ఆడవేషాలు మగవాళ్లే కట్టారు, మన ఒగ్గు కథలోనూ అంతే, చిందు భాగవతంలో ఎల్లమ్మ మగవేషాలు కట్టి పేరు తెచ్చుకుంది. వేషం ఉన్నంతసేపు చప్పట్లే. జడ తీసేశాక కూడా నడక అట్లనే ఉంటే మాత్రం 'తేడా గాడు'.

ఏడాదిన్నరకి మానేసి ఇంకో మేడం దగ్గర చేరా. ఆమె మగా ఆడా అనే మాటే ఎత్తలేదు. నా నడక చూసి "ఇది భామ నడకా, నీ నడకా?" అని అడిగింది. నాకు మండింది. నాలో ఆ మెత్తదనం ఉంది కదా, సత్యభామ ఊరికే వచ్చేస్తుందనుకున్నా. రాలేదు. ప్రవేశ దరువులో, అంటే సత్యభామ మొదటిసారి రంగం మీదికి వచ్చే పాటలో, తెర మీదుగా జడ వేసి, ముఖం చూపించకుండానే ఆ గర్వమంతా చూపించాలి. ఒక్క జడ వెయ్యడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. కాబట్టి నీ కదలికలు నీవే, వాటికి సిగ్గుపడకు, అలాగని వాటినే విద్య అనుకోకు.

పేరిణికి నేనే దూరంగా ఉన్నా. 13వ శతాబ్దంలో జాయప సేనాని నృత్తరత్నావళిలో రాసిన ఆటని నటరాజ రామకృష్ణ గారు మళ్లీ నిలబెట్టారని తెలుసు, కానీ యుద్ధానికి పోయే వీరుల ఆట నాకెందుకు అనుకున్నా. మేడమే పట్టుబట్టి పంపింది. అందులో ఘర్ఘరం అని గజ్జెలతో చేసే పాదాల పని ఉంటుంది. కాళ్లు గట్టిగా కొడితే చాలనుకున్నా, నెల తిరిగేసరికి పిక్కలు పట్టేశాయి. గజ్జెల మోత పెంచడం, తగ్గించడం అంతా పాదం మీద అదుపే, ఎంత సున్నితమైన పనో!

ఆ రోజుల్లోనే రామప్పకు వెళ్లా. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. అక్కడ గైడ్లు ఒక చెక్కడం చూపిస్తారు. ముగ్గురు ఆడుతుంటారు, కాళ్లు నాలుగే. నడిమి మనిషిని అరచేత్తో మూస్తే అటొకరు ఇటొకరు, వాళ్లిద్దరినీ మూస్తే నడిమి మనిషి ఒక్కరే. గైడు ముందుకు వెళ్లిపోయినా నేను చెయ్యి పెడుతూ తీస్తూ అక్కడే ఉండిపోయా. ఇప్పుడు చేస్తున్న ఐటం అక్కడ పుట్టింది. పేరిణితో మొదలై, వేషం మారకుండా, అదే పంచెకట్టులో భామ నడకలోకి వెళ్లి మళ్లీ పేరిణిలోకి వస్తుంది. పన్నెండు నిమిషాలు. ఎక్కడ మారిందో చూసేవాళ్లకు తెలియకూడదు. ప్రస్తుతానికి నాలుగో నిమిషంలో దొరికిపోతున్నా.

ఇక ఇంట్లో చెప్పడం గురించి. 2018 సెప్టెంబరు 6న, మనలాంటివాళ్ల ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 377 తీర్పు వచ్చింది, ఆ కేసుకి పేరు పడిన నవతేజ్ సింగ్ జోహార్ భరతనాట్యం కళాకారుడే. టీవీలో ఆ వార్త వస్తుంటే బాపు చానల్ మార్చిండు. కోర్టు చెప్పినంత మాత్రాన ఇల్లు మారదు, నీ చేతిలో నాలుగు డబ్బులు వచ్చేదాకా తొందరపడకు. నాకు పెళ్లి సంగీత్‌లు, స్కూల్ యాన్యువల్ డేలు అన్నం పెడుతున్నాయి.

ఫీజు టెన్షన్ అయితే వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, వెళ్లి కనుక్కో. ఎక్కడ చేరినా ముందు ఒక క్లాసు కూర్చుని చూడు, మగపిల్లల తప్పులు ఏ మాటలతో దిద్దుతున్నారో విను. సిమెంటు, బండలు అయితే మందపాటి చాప అయినా వేసుకో, మోకాళ్లు పోతాయి. గజ్జెలు మాత్రం ఇప్పుడే కొనకు. నేను మొదటి నెలలోనే కొనేసి, ఏడాది దాకా మూట విప్పలేదు.