‘వెళ్ళం’ వస్తోందంటే ఏం పట్టుకెళ్ళాలి?

“పిన్నిగారూ, మాది గుంటూరు. జూన్‌లో చెన్నై వచ్చి పళ్ళికరణైలో కింది వాటా అద్దెకు తీసుకున్నాం. ఎనిమిది నెలల పాప. మా అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకి షుగరు, ఇన్సులిన్ మీద ఉన్నారు. వానలు ముదిరితే ఇక్కడ నీళ్ళొస్తాయని ఎదురింటివాళ్ళు భయపెడుతున్నారు. ఉన్నపళాన ఇల్లు వదలాల్సొస్తే ఏం తీసుకెళ్ళాలి?”

భయపెట్టడం కాదమ్మా, వాళ్ళు అనుభవించిందే చెబుతున్నారు. నేను నెల్లూరు నుంచి కోడలిగా వచ్చి ఈ ఊళ్ళో ముప్పై రెండేళ్ళుగా ఉంటున్నాను. ఈ ప్రశ్న నన్నెవరైనా 2015కి ముందు అడిగి ఉంటే బంగారం, చీరలు, టీవీ అనే చెప్పేదాన్ని.

అన్నిటికంటే ముందు ఒక మాట నేర్చుకోండి. తమిళంలో ‘వెళ్ళం’ అంటే వరద. ఆ ఏడాది డిసెంబరు 1 రాత్రి మా జాఫర్‌ఖాన్‌పేట వీధిలో కుర్రాళ్ళు ‘వెళ్ళం వరుదు, వెళ్ళం వరుదు’ అని అరుచుకుంటూ పరిగెత్తారు. మా పక్క గదిలో అప్పుడే ఒంగోలు నుంచి వచ్చి దిగిన ఇద్దరు పిల్లలు ఉండేవారు. ఎవరో ఎక్కడికో ‘వెళ్ళం’ అంటున్నారనుకుని వాళ్ళు తలుపేసుకుని పడుకున్నారు. మా ఆయన వెళ్ళి తలుపు బాదితే గానీ లేవలేదు. అప్పటికే వాళ్ళ చాప తడిసింది. మేడు అంటే మెరక, పళ్ళం అంటే మన పల్లమే, మాడి అంటే మేడ, పడగు అంటే పడవ, ముగామ్ అంటే శిబిరం. ఈ అయిదారు మాటలూ మీ అత్తగారికి కూడా నేర్పు.

ఆ రోజు తాంబరంలో ఇరవైనాలుగు గంటల్లో 49 సెంటీమీటర్ల వాన పడింది. చెంబరంబాక్కం చెరువు నిండిపోయి 29,000 క్యూసెక్కులు అడయార్ నదిలోకి వదిలారు. నది మా ఇంటికి రెండు వీధుల అవతలే. నీళ్ళు వస్తే వీధి గుమ్మంలోంచి వస్తాయని అందరూ అక్కడే చూస్తుంటారు. మా ఇంట్లోకి బాత్రూం జాలీలోంచి వచ్చాయి, బుడగలు తీసుకుంటూ, మురుగు వాసనతో. అప్పటికి మాకు రెండు గంటల వ్యవధి ఉంది. ఆ రెండు గంటలూ నేనేం చేశానో తెలుసా? టీవీ విప్పి వంటగట్టు మీద పెట్టాను. పరుపులు అటక మీదికి తోశాను. మోకాలి లోతు వచ్చాక మామగారిని పట్టుకుని పైవాటా తమిళావిడ ఇంటికి ఎక్కాం. మెట్ల మీద గుర్తొచ్చింది ఆయన ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో ఉందని. మా ఆయన వెనక్కి దిగాడు. ఫ్రిజ్ లేచి, వెల్లకిలా తేలుతూ వంటింటి గుమ్మానికి అడ్డంగా ఇరుక్కుని ఉంది.

మర్నాడు అశోక్ నగర్ వైపు తెరిచి ఉన్న మందుల షాపులు మూడు తిరిగాడు. ఒకదాంట్లో సరుకు లేదు. మిగతా రెండింట్లో కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయింది కాబట్టి ఆ ఇన్సులిన్ అమ్మలేమన్నారు, వాళ్ళన్నదీ న్యాయమే. మూడో రోజుకి గానీ దొరకలేదు. అప్పటికి మామగారు మనిషిని గుర్తుపట్టలేని స్థితికి వచ్చారు. టీవీ మాత్రం తడవలేదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు కడుపులో తిప్పేది.

అందుకే అమ్మా, ఏది ఖరీదైనదని ఆలోచించకు. ఆ రాత్రి డబ్బిచ్చినా దొరకనిదేది, ఆ తర్వాత ఎన్నాళ్ళు తిరిగినా తిరిగి రానిదేది, ఈ రెండే చూడు. మొదటిది మందులు. అత్తగారి ఇన్సులిన్, సూదులు, షుగరు చూసుకునే మిషను, డాక్టరు చీటీ ఫోటో, కళ్ళజోడు, కట్టుడుపళ్ళు ఉంటే అవీ. వాడుతున్న ఇన్సులిన్ సీసా ఎండ తగలకుండా ఉంటే మామూలుగా నాలుగు వారాలు గది వేడిలో ఆగుతుంది, మీ డాక్టరుని కూడా అడిగి ఉంచుకో. ఐసు ముక్కల్లో మాత్రం నేరుగా పెట్టకండి, గడ్డకడితే పనికిరాదు. పాపకి పాలడబ్బా, కాచిన నీళ్ళ ఫ్లాస్కు, జ్వరం మందు, ఓఆర్ఎస్ పొట్లాలు. డైపర్లు నువ్వు లెక్కేసుకున్నదానికి రెట్టింపు పెట్టు.

రెండోది కాగితాలు. ఇది మనలాంటివాళ్ళు మరీ గట్టిగా పట్టించుకోవాలి. 2015లో నీళ్ళు తీశాక తమిళనాడు ప్రభుత్వం శిబిరాలు పెట్టి పోయిన పత్రాలకు నకళ్ళు ఇప్పించింది. తడిసిన పాస్‌పోర్టులకు కేంద్రం ఉచితంగా కొత్తవి ఇచ్చింది. కానీ మా అమ్మాయి పది, ఇంటరు మెమోలు ఆంధ్రావి. బీరువా అడుగు సొరుగులో ఉండి ముద్దయిపోయాయి. ఇక్కడి శిబిరంలో వాళ్ళేం చేస్తారు పాపం? పోలీసు కాగితం, నోటరీ, చలానా, ఆ ఆఫీసుకీ ఈ ఆఫీసుకీ నాలుగు రైలు ప్రయాణాలు, ఎనిమిది నెలలు. ఈలోగా దానికొచ్చిన ఒక ఉద్యోగం ఒరిజినల్స్ చూపించలేక పోయింది. మన కాగితాలు సరిహద్దు అవతల పుట్టినవి, వాటికి నకలు కూడా అవతలికి వెళ్ళే తెచ్చుకోవాలి.

ఇప్పుడు నా దగ్గర అయిదు కిలోల ఆవకాయ పట్టే మరమూత ప్లాస్టిక్ డబ్బా ఉంది. సర్టిఫికెట్లు వదులుగా చుట్టి, ఒక్కోటీ జిప్ కవర్లో పెట్టి, అందులో నిలబెట్టాను. పొలం పాస్‌బుక్కు, పాస్‌పోర్టులు, అద్దె ఒప్పందం, గ్యాస్ పుస్తకం కూడా అందులోనే. అద్దె ఒప్పందం ఎందుకంటావేమో, 2023 వరద తర్వాత సర్కారు ఇచ్చిన 6,000 రూపాయలు రేషను దుకాణాల్లోనే పంచారు. ఇక్కడి రేషను కార్డు లేనివాళ్ళు తాము ఫలానా ఇంట్లో ఉంటున్నామని చూపించుకోవాల్సి వచ్చింది. ఆధార్, పాన్, లైసెన్సు లాంటివి డిజిలాకర్‌లో ఉంచుకోవడం మంచిదే. అయితే ఫోను చచ్చిపోతే అందులో ఉన్నా మీకు అందవు. ముఖ్యమైన నంబర్లు పదైనా చేత్తో కాగితం మీద రాసి డబ్బాలో వెయ్యి. 1913 కార్పొరేషన్‌ది, 1077 జిల్లా విపత్తుల కంట్రోల్ రూముది. చిన్న నోట్లు రెండు మూడు వేలు పెట్టు, టవర్లూ ఏటీఎంలూ ఒకేసారి పోతాయి.

ఎంత జాగ్రత్తపడ్డా తడిస్తే, అంటుకున్న కాగితాలను పీకకు, ఎండలో వెయ్యకు, ఇస్త్రీ చెయ్యకు. నీడలో, ఫ్యాను గాలికి, మధ్యలో టిష్యూ కాగితాలు మారుస్తూ ఆరబెట్టాలి. ఫోటోలు మాత్రం అతుక్కుని ఎండిపోతే ఇక విడవవు. మంచినీళ్ళలో ఉంచి ఒక్కోటీ మెల్లగా జార్చి తియ్యాలి. మా పెళ్ళి ఆల్బంలో ఇలా పదకొండు దక్కాయి. ఒకదాంట్లో మా అమ్మ ముఖం సగమే ఉంది.

మీ పళ్ళికరణై సంగతి మా నది ఒడ్డు లాంటిది కాదు. అది చిత్తడినేల. దక్షిణ చెన్నై చెరువుల మిగులు నీరంతా అక్కడ చేరి ఒక్కియం మడువు అనే నీటిదారి మీదుగా బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కడినుంచి కోవళం దగ్గర సముద్రంలోకి పోవాలి. సముద్రం పోటు మీదుంటే నీరు దిగదు. నది వరద ఒక్క రాత్రిలో మీద పడుతుంది, మీ దగ్గర అది మెల్లగా ఎక్కి రోజుల తరబడి నిలుస్తుంది. కాబట్టి మీకు రెండు పూటల సంచి చాలదు, నాలుగు రోజులకు సర్దుకోండి. నీళ్ళు ఇంకా వీధిలోనే ఉన్నాయి కదా అని ఆగొద్దు. కరెంటు తీసేశాక చీకట్లో, మ్యాన్‌హోల్ మూత లేచిపోయిందో లేదో కనిపించని నీళ్ళలో, పాపని ఎత్తుకుని నడవాలి మరి. నుంగంబాక్కం వాతావరణ కేంద్రం రెడ్ అలర్ట్ అన్న పగలే కదలండి.

‘అంత అయితే గుంటూరు వెళ్ళిపోతాం’ అనుకుంటారు, తెలుసు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మూడు, నాలుగు తేదీల్లో చెన్నైని ముంచి, అయిదో తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. విజయవాడ రైళ్ళు రద్దయ్యాయి, నాలుగున విమానాశ్రయం మూసేశారు. మనం పారిపోదామనుకున్న దిక్కుకే తుపానూ పోయింది. అందుకని అదే వీధిలో పైఅంతస్తు వాళ్ళతో ఇప్పుడే పరిచయం పెంచుకోండి. మాకు తలుపు తీసిన ఆ తమిళావిడతో అంతకుముందు నాకు నవ్వు తప్ప మాటలు లేవు. తొమ్మిది మందిమి నాలుగు రాత్రులు ఆవిడ హాల్లో పడుకున్నాం. ఉన్న బియ్యమంతా గంజి కాచి అందరికీ పోసింది.

వెళ్ళేటప్పుడు మెయిన్ ఆపి, గ్యాస్ రెగ్యులేటరు కట్టేసి వెళ్ళండి. చక్రాల సూట్‌కేసు వద్దు, మోకాలి లోతు నీళ్ళలో అది దొర్లదు, వీపుకి తగిలించుకునేవే కావాలి. కారు ముందురోజే మెరక మీద పెట్టుకోండి. మునిగిన కారు స్టార్ట్ చెయ్యొద్దు, ఇంజన్ పోతుంది, మామూలు ఇన్సూరెన్సు ఆ ఖర్చు ఇవ్వదు. బంగారం ఉంటే ఒంటి మీద లోపలి జేబులో. చీరలు వదిలెయ్యి.

ఒక్కటి మాత్రం ఎవరు వద్దన్నా ఒప్పుకో. మా మామగారు ఆ రాత్రి గోడ మీంచి మా అత్తగారి ఫోటో దింపి చొక్కాలో పెట్టుకున్నారు. ‘ఇప్పుడు అదెందుకు?’ అని కసిరాను. పైవాటాలో ఆయన ఒళ్ళు తెలియకుండా పడున్నప్పుడు కూడా ఆ చెయ్యి చొక్కా మీదే ఉంది. మీ అత్తగారికి కూడా అలాంటిదేదో ఉంటుంది. ఏమిటని ఇప్పుడే అడిగి, చోటు ఉంచు.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు మూడో వారానికి మొదలవుతాయి. అంతకుముందే ఒక ఆదివారం సంచులు తగిలించుకుని, పాపని ఎత్తుకుని, అత్తగారితో సహా పైఅంతస్తు దాకా ఒకసారి ఎక్కి చూడండి. ఎవరి చేతిలో ఏది ఉండాలో అప్పుడు తెలుస్తుంది. ఎన్ని నిమిషాలు పట్టిందో నాకు రాయి.